టిల్ట్ వేసినా ఎడమవైపు మసకే: ఉప్పుమడుల ఫొటోలో ఫోకస్ ఎక్కడ తప్పుతోంది?

ఉప్పుగాలి (అల్లూరు) · శనివారం రాత్రి 8.50

అందరికీ నమస్కారం. ఇస్కపల్లి ఉప్పుమడుల మీద ఒక ఫొటోల వరుస చేస్తున్నాను. కెమెరా ఫుజీ జీఎఫ్ఎక్స్ 50ఎస్-2. దానికి కెనాన్ పాత టీఎస్-ఈ 90 మి.మీ. ఎఫ్/2.8 లెన్సును (వంచే టిల్ట్, పక్కకు జరిపే షిఫ్ట్ రెండూ ఉన్నది) ఎలక్ట్రానిక్ అడాప్టర్‌తో తగిలించాను.

నాకు కావలసినది ఇదీ. ఆరు మీటర్ల దూరంలో మడిలో పేరుకున్న ఉప్పు పొర మొదలుకొని, ఇరవై మీటర్ల అవతలి గట్టు దాకా ఒకే ఫొటోలో స్పష్టంగా రావాలి. కుడివైపు గట్టు వెంట మోకాలెత్తు నుంచి నడుమెత్తు వరకు కుప్పలు పోసి ఉన్నాయి. ఎడమవైపు అంతా చదునైన మడి. టిల్ట్ లేకుండా అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/16 దాకా మూసినా ముందుదీ వెనుకదీ కలిసి రాలేదు, అందుకే ఈ లెన్సు.

మొదట టిల్ట్ చివరిదాకా, అంటే 8 డిగ్రీలు వేశాను. ఏదీ కుదరలేదు. తగ్గించుకుంటూ వచ్చి నాలుగు, నాలుగున్నర మధ్య ఆగాను. లెన్సు నేలకు నాలుగు అడుగుల ఎత్తున ఉంది. కెమెరాను కొద్దిగా కిందికి వంచాను. అపర్చర్ ఎఫ్/8. ఫ్రేము మధ్యలో ఉప్పు పలుకులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. కుడివైపు కుప్పలు పరవాలేదు, కొనలు మాత్రం తేలిపోయాయి. ఎడమవైపు మడి అంతా మెత్తబడింది, అదీ అదే దూరంలో! ఫోకస్ కుదిరిన అంచులను చూపే ఫోకస్ పీకింగ్ ఎరుపు గీతలు ఫ్రేము నిండా వెలిగాయి మరి. లోపం లెన్సుదా, అడాప్టర్‌దా, నాదా?

భూతద్దం (ఒంగోలు) · శనివారం రాత్రి 9.35

తమ్ముడూ, టిల్ట్ కొలతను కంటితో వెతుక్కుంటూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. లెక్కతో మొదలుపెట్టు. లెన్సు ఫోకల్ లెంత్ మిల్లీమీటర్లలో తీసుకో. లెన్సు ఎత్తు అడుగుల్లో కొలిచి అయిదుతో గుణించు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే కావలసిన డిగ్రీలు వస్తాయి. నీకు 90ని 20తో భాగిస్తే నాలుగున్నర. సైన్ పట్టిక చూసి కచ్చితంగా లెక్కిస్తే 4.2. కాబట్టి నువ్వు కంటితో ఆగిన చోటు దాదాపు సరైనదే. తప్పు ఇంకెక్కడో ఉంది.

ఫిల్ము రోజుల్లో నేను ఫుజీ జీఎక్స్680 వాడేవాడిని. 56×76 మి.మీ. ఫ్రేము. ముందు పలక వంగుతుంది, పక్కకు తిరుగుతుంది, పైకి లేస్తుంది. మోయడానికి మాత్రం ఒక మనిషి కావాలి. గాజు తెర మీద భూతద్దం ఆనించి ఫోకస్ చూసేవాళ్లం. అప్పటి క్రమమే ఇప్పటికీ పనికొస్తుంది. ముందు కెమెరాను మట్టసం చెయ్యి. లెక్క ప్రకారం టిల్ట్ వేసి మర బిగించు. ఆ తర్వాత టిల్ట్ మీద చెయ్యి వేయకుండా ఫోకస్ రింగుతోనే పని చెయ్యి. రెండింటినీ ఒకేసారి తిప్పేవాడికి ఫోకస్ ఎప్పటికీ దొరకదు.

దూరపు గట్టును తెర మీద పెద్దది చేసి ఫోకస్ చేశాక దగ్గరి పొరను చూడు. అది స్పష్టం కావడానికి రింగును ఇంకా దగ్గరకు తిప్పాల్సి వస్తే టిల్ట్ చాలలేదని అర్థం. దూరం వైపు తిప్పాల్సి వస్తే టిల్ట్ ఎక్కువైంది. అర డిగ్రీ లోపు సవరించి మళ్లీ దూరాన్ని చూడు. ఇది తేలడానికి పెద్దగా సమయం పట్టదు.

పీకింగ్‌ను నమ్మవద్దు. ఎండలో మెరిసే ఉప్పు మీద వెలుగుకూ నీడకూ తేడా ఎక్కడ ఎక్కువుంటే అక్కడల్లా అది ఎర్రబడుతుంది. అది తేడానే చూస్తుంది, స్పష్టతను కాదు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు కెమెరా లోపలి స్టెబిలైజేషన్ (వణుకు సరిచేసే ఏర్పాటు) కూడా ఆపెయ్యి.

పది_ఫ్రేములు (నెల్లూరు) · శనివారం రాత్రి 10.05

ఇంత తంటా ఎందుకో నాకు అర్థం కాదు. మామూలు లెన్సు పెట్టి, ఫోకస్ ముందు నుంచి వెనక్కి జరుపుకుంటూ వరుసగా ఫొటోలు తీసి కంప్యూటర్‌లో కలిపేస్తే సరిపోతుంది. డిగ్రీలూ వద్దు, సైన్ పట్టికలూ వద్దు.

ఉప్పుగాలి · శనివారం రాత్రి 10.20

గదిలో పెట్టిన వస్తువుకైతే మీ మాటే మాట. ఇక్కడ మడిలో మనుషులు చెక్క పారలతో ఉప్పు లాగుతుంటారు. వాళ్లను ఆగమని చెప్పి ఫొటో తీయడం నాకు ఇష్టం లేదు. పైగా సముద్రం గాలికి నీళ్లు ఒక్క క్షణం నిలకడగా ఉండవు. ఒక ఫ్రేములో ఉన్న అల రెండో ఫ్రేములో ఉండదు. కెమెరాలోని ఫోకస్ బ్రాకెటింగ్ ఆటోఫోకస్ లెన్సులతోనే పనిచేస్తుంది, నాది చేత్తో తిప్పేది.

పది_ఫ్రేములు · శనివారం రాత్రి 10.24

మనుషులు కదిలితే కష్టమే, ఒప్పుకుంటాను. అయినా మనుషులు లేని ఫొటోకు నా పద్ధతే తేలిక.

నల్లరాయి (చీమకుర్తి) · ఆదివారం ఉదయం 6.40

ఉప్పుగాలి తమ్ముడూ, ముందు అడాప్టర్ సంగతి తేల్చుకో. అనుమానం పెట్టుకుని ఎన్ని లెక్కలు వేసినా మనసు కుదుటపడదు.

నేను పాలిష్ చేసిన గెలాక్సీ గ్రానైట్ పలకలకు ఫొటోలు తీస్తాను. నల్లని రాయిలో కంచు రంగు చుక్కలుంటాయి కదా, ఫోకస్ పరీక్షకు అంతకంటే మంచి వస్తువు నాకు ఇంతవరకు దొరకలేదు. చుక్క అంచు పదునుగా ఉందో లేదో తెర మీద పెద్దది చేస్తే వెంటనే తెలిసిపోతుంది. అయితే ఈ రాయి ఫొటోగ్రాఫర్‌ను మోసం కూడా చేస్తుంది. పలకకు మూడు మీటర్ల దూరంలో నిలబడితే అందులో అద్దంలోలా నీ కెమెరా నీడ కనిపిస్తుంది. ఆ నీడ ఫోకస్‌కు వచ్చేది ఆరు మీటర్ల దగ్గర. పీకింగ్ పెట్టుకుంటే ట్రైపాడ్ కాళ్ల అంచులు భలే ఎర్రగా వెలుగుతాయి. ఫోకస్ అయిందనుకుని తీస్తాం. ఇంటికి వచ్చి చూస్తే చుక్కలన్నీ మసకే.

అదే నీడ ఇంకో పనికి ఉపయోగపడుతుంది. టిల్ట్, షిఫ్ట్ రెండూ సున్నా దగ్గర పెట్టు. పలకలో లెన్సు నీడ సరిగ్గా ఫ్రేము నడిమధ్యకు వచ్చేలా కెమెరాను సర్దితే, సెన్సర్ పలకకు సమాంతరంగా ఉన్నట్టే. రాయి లేకపోతే గోడకు చిన్న అద్దం ఆనించినా సరే. సమాంతరం కుదిరాక అద్దం తీసేసి, ఆ చోట వార్తాపత్రిక పుట అతికించి ఎఫ్/4 దగ్గర తియ్యి. ఎడమ, కుడి అంచులు ఒకేలా ఉన్నాయా చూడు. తేడా ఉంటే లెన్సు గొట్టాన్ని దాని అక్షం మీద 180 డిగ్రీలు తిప్పి మళ్లీ తియ్యి. మసక కూడా అటు నుంచి ఇటు మారితే లోపం లెన్సుది. మారకుండా అక్కడే ఉంటే అడాప్టర్‌ది, లేదా కెమెరా మౌంటుది.

అడాప్టర్ ఒక పక్క 0.1 మి.మీ. మందం ఎక్కువున్నా ఎఫ్/4లో ఫ్రేము అంచున రెండు పిక్సెళ్ల మసక వస్తుంది. ఎఫ్/11లో అది కనిపించకుండా పోతుంది. కాబట్టి పరీక్ష తెరిచిన అపర్చర్‌లోనే చెయ్యాలి.

పలకల ఫొటోలకు నేను టిల్ట్ వాడను. సెన్సర్ పలకకు సమాంతరంగా ఉంటే వంచాల్సిన పనేముంది? షిఫ్ట్ ఒక్కటే. సమాంతరం చెడకుండా కెమెరాను పక్కకు జరిపి, లెన్సును ఎదురుదిక్కుకు షిఫ్ట్ చేస్తే పలక ఫ్రేములోకి తిరిగి వస్తుంది. నా నీడ బయటికి పోతుంది.

మూలాపేట (నెల్లూరు) · ఆదివారం ఉదయం 8.15

పెద్దలు మన్నించాలి, మధ్యలో వస్తున్నాను. మిద్దె మీద నుంచి ట్రంకు రోడ్డును తీసి బొమ్మల ఊరిలా చూపిస్తారు కదా, అదీ ఈ లెన్సుతోనేనా? అది ఎలా చెయ్యాలి?

భూతద్దం · ఆదివారం ఉదయం 8.30

అవును. టిల్ట్‌ను కావలసిన దిక్కుకు కాక ఎదురుదిక్కుకు వేసి అపర్చర్ తెరిస్తే ఒక సన్నని పట్టీ తప్ప మిగిలినదంతా మసకవుతుంది. మొదటిసారి ముచ్చటగానే ఉంటుంది. ఆ తర్వాత ఊళ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఈ లెన్సు కొన్నది అందుకేనంటే మాత్రం నాకు బాధ కలుగుతుంది.

నిర్వాహకులు · ఆదివారం ఉదయం 9.00

బొమ్మల ఊరి ప్రశ్నలకు వేరే చర్చ తెరిచాం. ఇక్కడ ఉప్పుమడుల సంగతే కొనసాగించండి.

ఉప్పుగాలి · ఆదివారం మధ్యాహ్నం 1.10

నల్లరాయి అన్నా, అద్దంతో సమాంతరం చూసి వార్తాపత్రిక పుట మీద పరీక్ష చేశాను. ఎఫ్/4లో రెండు అంచులూ ఒకే తీరుగా ఉన్నాయి. లెన్సు తిప్పినా తేడా లేదు. అడాప్టర్ నిర్దోషి. మాస్టారు చెప్పిన లెక్క ప్రకారం టిల్ట్ కూడా సరిపోయింది. మరి ఎడమవైపు ఎందుకు పోయింది?

కావలి_లెక్కలు (కావలి) · ఆదివారం సాయంత్రం 4.45

చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. బడిలో గణితం చెబుతాను, ఫొటోగ్రఫీ సెలవుల్లో మాత్రమే. ఉప్పుగాలి గారిని ఒక్క ప్రశ్న అడగాలి. ఆ ఫొటోలో క్షితిజరేఖను కంప్యూటర్‌లో తిన్నగా చేశారా?

ఉప్పుగాలి · ఆదివారం సాయంత్రం 5.05

చేశాను టీచర్ గారూ. నాలుగు డిగ్రీల దాకా తిప్పాల్సి వచ్చింది. మడిలో బురద మెత్తగా ఉంది. ట్రైపాడ్ ఎడమ కాలు మెల్లగా దిగిపోయింది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

కావలి_లెక్కలు · ఆదివారం రాత్రి 7.50

సంబంధం దానికే అండీ.

మామూలు లెన్సుతో కెమెరా పక్కకు ఒరిగితే క్షితిజరేఖ మాత్రమే ఒరుగుతుంది. దాన్ని తర్వాత తిన్నగా చేసుకోవచ్చు. టిల్ట్ వేసిన లెన్సుతో అలా కుదరదు. లెన్సు తలం, సెన్సర్ తలం, ఫోకస్ తలం (ఫొటోలో స్పష్టంగా వచ్చే తలం) మూడూ ఒకే గీత దగ్గర కలుస్తాయనేది మూలసూత్రం. 1904లో ఆస్ట్రియా సైనికాధికారి థియోడర్ షైమ్‌ఫ్లూగ్ దీన్ని ఆకాశం నుంచి తీసిన ఫొటోల వంకరలు సరిచేసే పనిలో పేటెంట్ చేశాడు. అంతకు ముందే 1901లో ఫ్రాన్స్‌లో జూల్ కార్పెంటియే ఇదే సంగతి చెప్పాడు. ఆ మూడు తలాల గీత మడిలో నిలబడి కొలిచేది కాదు. మాస్టారు చెప్పిన సూత్రంలో ఉన్నది ఇంకో గీత. అది లెన్సుకు సరిగ్గా కింద, సెన్సర్‌కు సమాంతరమైన దిశలో, ఫోకల్ లెంత్‌ను టిల్ట్ కోణపు సైన్‌తో భాగిస్తే వచ్చినంత దూరంలో ఉంటుంది. ఫోకస్ రింగు తిప్పినప్పుడు ఫోకస్ తలం ఆ గీత మీదే తిరుగుతుంది, తలుపు బందు మీద తలుపు తిరిగినట్టు. దాన్ని కీలు అనుకుందాం. 4.2 డిగ్రీలకు మీ కీలు నాలుగు అడుగుల కింద, అంటే నేల మీద ఉంది. 8 డిగ్రీలు వేసినప్పుడు లెన్సుకు 65 సెంటీమీటర్ల కిందే, గాలిలో ఉంది. అందుకే అప్పుడు ఏదీ కుదరలేదు.

ఇక ఒరగడం సంగతి. కెమెరా ఎడమకు నాలుగు డిగ్రీలు ఒరిగితే కీలు గీత కూడా నాలుగు డిగ్రీలు ఒరుగుతుంది. ఫోకస్ తలం ఎడమవైపు నేలలోకి దిగుతుంది, కుడివైపు నేల మీదికి లేస్తుంది. మీ సెన్సర్ 43.8 మి.మీ. వెడల్పు. ఇరవై మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు దాదాపు 9.7 మీటర్లు. మధ్య నుంచి అంచుకు 4.9 మీటర్లు. నాలుగు డిగ్రీల ఒరుగుకు అంచు దగ్గర ఫోకస్ తలం నేలకు 34 సెంటీమీటర్లు కింద ఉంటుంది.

ఆ 34 సెంటీమీటర్లు మీకు అందుబాటులో ఉన్నాయా? మసకకు పరిమితిగా 0.01 మి.మీ. తీసుకుంటాను, మీ కెమెరాలో అది రెండు పిక్సెళ్లు. ఎఫ్/8లో 90 మి.మీ. లెన్సు హైపర్‌ఫోకల్ దూరం, అంటే అక్కడ ఫోకస్ చేస్తే అనంతం దాకా స్పష్టంగా వచ్చే దూరం, 101 మీటర్లు. టిల్ట్ వేసినప్పుడు స్పష్టత ఉండే మేర కీలు దగ్గర శూన్యంతో మొదలై, దూరం పోయేకొద్దీ తలానికి పైనా కిందా వెడల్పవుతుంది. సరిగ్గా హైపర్‌ఫోకల్ దూరం దగ్గర అది ఒక్కో పక్క కీలు లోతుకు సమానం, అంటే 1.2 మీటర్లు. ఇరవై మీటర్ల దగ్గర అందులో అయిదో వంతు, 24 సెంటీమీటర్లు. మీకు కావలసింది 34. ఎడమ అంచు మసకబడక తప్పదు.

కుడివైపు బాగున్నట్టు కనిపించడానికి కారణం అక్కడ కుప్పలుండడం. తలం నేల మీదికి లేచి కుప్పల నడుముకు తగిలింది. నా మాట నిజమో కాదో తేల్చడానికి ముందువైపు ఎడమ మూల చూడండి. అదీ కొంత మసకగా ఉండాలి. దగ్గరి దూరంలోనూ నిష్పత్తి అంతే.

ఉప్పుగాలి · ఆదివారం రాత్రి 8.20

టీచర్ గారూ, ఇప్పుడే చూశాను. ముందు ఎడమ మూల కూడా మసకే! మధ్యలో అంత బాగుండేసరికి అటు దృష్టే పోలేదు. కుడి మూలలో కుప్ప పాదం దగ్గర పొర కూడా కొంచెం మెత్తగానే ఉంది.

నల్లరాయి · ఆదివారం రాత్రి 8.35

అక్కా, ఫొటో చూడకుండానే పట్టేశారు. ఇంకొక్క మాట. ఈ పాత 90లో లెన్సు గొట్టం తిరిగే చోట నొక్కులుంటాయి. రెండు నొక్కుల మధ్య ఆగితే కెమెరా మట్టసంగా ఉన్నా టిల్ట్ ఒరిగిపోతుంది. ఫలితం ఇదే. క్షితిజరేఖ తిన్నగా ఉంటుంది కాబట్టి పట్టుకోవడం ఇంకా కష్టం. నొక్కు పడిన శబ్దం వినిపించాలి.

భూతద్దం · సోమవారం ఉదయం 7.10

చాలా సంతోషం టీచరమ్మా. నా క్రమంలో ముందు కెమెరాను మట్టసం చెయ్యమన్నది ఎందుకో మీరు లెక్కతో చూపించారు. నేను చేతి అలవాటు మీద చెప్పాను.

తమ్ముడూ, ఇక కుప్పల కొనలు. తలాన్ని నేల మీదే పరిచి నడుమెత్తు కుప్ప స్పష్టంగా రావాలంటే ఎలా? ఒంగోలు పొగాకు వేలం కేంద్రంలో ఒకప్పుడు ఇదే చిక్కు వచ్చింది. బేళ్లు వరుసలుగా పరిచి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు లెన్సు ఎత్తును నేల నుంచి కొలిచేవారు. స్పష్టంగా కావలసింది నేలా, బేళ్ల పైభాగమా? అన్నీ దాదాపు ఒకే ఎత్తున ఉన్నప్పుడు వాటి పైభాగమే మన నేల. లెన్సు నేలకు ఆరడుగులు, బేలు రెండడుగులనుకుంటే, లెక్కలో పెట్టవలసింది నాలుగు.

నీ కుప్పలు అలా సమంగా లేవు. తలాన్ని దూరం వైపు కొంచెం పైకి లేపాలి. టిల్ట్ ముట్టుకోకుండా రింగును కొద్దిగా దగ్గర వైపు తిప్పితే తలం కీలు మీద పైకి లేస్తుంది. అవతలి కుప్ప సగం ఎత్తుకు వచ్చేలా లేపి, మిగిలింది అపర్చర్‌కు వదిలెయ్యి.

కావలి_లెక్కలు · సోమవారం సాయంత్రం 6.30

మాస్టారు చెప్పినదాన్ని అంకెల్లో పెడతాను. కుప్ప మీటరు ఎత్తు ఉంటే, తలం దాని సగంలోంచి పోతే, పైకి 50, కిందికి 50 సెంటీమీటర్లు కావాలి. నాలుగు అడుగుల ఎత్తు నుంచి ఇరవై మీటర్ల దూరంలో ఎఫ్/11 ఇచ్చేది 33, ఎఫ్/16 ఇచ్చేది 48. ఎఫ్/16లో వివర్తనం (చిన్న రంధ్రం దాటేటప్పుడు కాంతి పక్కలకు వంగడం) వల్ల ఒక చుక్క 21 మైక్రాన్ల మచ్చగా పరుచుకుంటుంది, అంటే మీకు నాలుగు పిక్సెళ్లు. కొంపలు మునిగేదేమీ లేదు, కానీ ఉప్పు పలుకుల పదును మొత్తం మీద కొంత తగ్గుతుంది.

దీనికి అపర్చర్ మూయడం కంటే మంచి దారి ఉంది. కెమెరాను ఎత్తండి. స్పష్టత మేర కీలు లోతుతో పాటే పెరుగుతుంది. ఎత్తు ఎనిమిది అడుగులైతే కావలసిన టిల్ట్ సగానికి తగ్గుతుంది, ఎఫ్/11లోనే ఇరవై మీటర్ల దగ్గర ఒక్కో పక్క 66 సెంటీమీటర్లు వస్తుంది. టిల్ట్ ఎంత ఎక్కువ వేస్తే అంత లోతు దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి పూర్తిగా ఎదురు.

పది_ఫ్రేములు · సోమవారం సాయంత్రం 6.50

ఎత్తు పెంచితే ఫొటో మారిపోదా? మడిలో నిలబడి చూసిన దృశ్యం వేరు, పై నుంచి చూసింది వేరు.

కావలి_లెక్కలు · సోమవారం సాయంత్రం 7.00

మారుతుంది. అది లెక్కతో తేలేది కాదు, తీసేవారి ఇష్టం.

ఉప్పుగాలి · సోమవారం రాత్రి 9.15

నాకు మడి మధ్యలోంచే కావాలని మొదట అనుకున్నాను. కానీ ఇవతలి గట్టు మడి కంటే రెండడుగులు ఎత్తు. ట్రైపాడ్ కూడా అయిదడుగులకు లేస్తుంది. ఆ ఏడడుగుల నుంచి చూస్తే మడుల మధ్య గీతలు విడివిడిగా తెలుస్తాయి, అదీ బాగానే ఉంటుందనిపిస్తోంది. 90ని 35తో భాగిస్తే 2.6 డిగ్రీలు. రేపు తెల్లవారకముందే వెళ్తాను.

నల్లరాయి · సోమవారం రాత్రి 9.30

ట్రైపాడ్ కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టు. గట్టు మట్టి కూడా పైకి గట్టిగా కనిపించి లోపల దిగిపోతుంది. చిన్న మట్టసం గొట్టం కెమెరా మీద పెట్టుకో. తీసిన ప్రతిసారీ దాన్ని మళ్లీ చూడు, మొదట ఒక్కసారి చూసి వదిలేస్తే చాలదు.

ఇంకో సందర్భం కూడా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. క్వారీలో వైర్ సాతో (తీగ రంపంతో) కోసిన గోడ నీ పక్క నుంచి దూరంగా పోతుందనుకో. నేల బదులు ఆ గోడే మన తలం. అప్పుడు లెన్సును కిందికి కాక గోడ వైపుకు తిప్పాలి. ఎత్తు బదులు లెన్సు నుంచి గోడకు పక్క దూరం కొలవాలి. రెండు మీటర్లుంటే 90 మి.మీ.కు 2.6 డిగ్రీలు. గోడ మీద రంపం గీతలు మొదటి నుంచి చివరి దాకా కనిపిస్తాయి. గోడకు ఇవతల నిలబడిన మనిషి మాత్రం మసకే. అతన్ని గోడకు ఆనుకుని నిలబడమనాలి.

ఉప్పుగాలి · మంగళవారం మధ్యాహ్నం 12.40

వెళ్లి వచ్చాను. ఎత్తు ఏడడుగులు, టిల్ట్ 2.6, ఎఫ్/11, కాళ్ల కింద చెక్కలు. పెద్ద అపర్చర్‌లో పెద్దది చేసి ఫోకస్ చూశాను, ఎఫ్/11కు మూసి మళ్లీ చూశాను. ఎడమ మూల, కుడి మూల, మధ్య మూడు చోట్లా ఉప్పు పలుకులు విడివిడిగా ఉన్నాయి. కుప్పల కొనలు కూడా వచ్చాయి. ఒక కుప్ప మీద పార గుచ్చి వదిలేశారు, దాని పిడి పగులు కూడా కనిపిస్తోంది. పార పైకొన మాత్రం మసక. ఆ ఎత్తు లెక్కలో లేదు కదా!

ఒక అనుమానం మిగిలింది. ఆరున్నరకు తీసినవి ఇలా ఉన్నాయి. ఏమీ కదిలించకుండా పదకొండుకు తీసినవాటిలో అవతలి గట్టు మళ్లీ మెత్తబడింది. మట్టసం చూశాను, మారలేదు.

భూతద్దం · మంగళవారం మధ్యాహ్నం 1.05

అది ఫోకస్ కాదు నాయనా, ఎండ. వేడెక్కిన మడి మీద గాలి కదులుతూ ఉంటుంది. దాని అవతల ఉన్నదేదీ నిలకడగా కనిపించదు. అదే చోటును పెద్దది చేసి లైవ్ వ్యూలో కాసేపు చూస్తూ ఉండు. ఫోకస్ తప్పితే మసక స్థిరంగా ఉంటుంది. వేడిగాలైతే అంచులు వణుకుతాయి. దానికి ఏ లెన్సూ మందు కాదు, ఎనిమిది లోపు ముగించుకోవడమే.

మూలాపేట · మంగళవారం రాత్రి 8.00

ఈసారి చర్చకు సంబంధించిన ప్రశ్నే, నిర్వాహకులు కోప్పడకూడదు. స్నేహితుడి దగ్గర జీఎఫ్ఎక్స్ 100ఎస్, ఫుజీ 30 మి.మీ. ఎఫ్/5.6 టిల్ట్-షిఫ్ట్ ఉన్నాయి. రంగనాయకులపేటలో రంగనాథస్వామి గుడి గాలిగోపురాన్ని తీశాం. వీధి ఇరుకు, పాతిక మీటర్ల కంటే వెనక్కి వెళ్లలేం. షిఫ్ట్ పైకి వేస్తే గోపురం తిన్నగా వచ్చింది. కానీ పై కలశాలు మసక. టిల్ట్ అసలు వాడలేదు.

నల్లరాయి · మంగళవారం రాత్రి 8.25

వాడలేదంటే సున్నా దగ్గర మర బిగించారా, బిగించలేదా? సంచిలోంచి తీసేటప్పుడు గుండ్రటి మర కొద్దిగా తిరిగినా చాలు.

కావలి_లెక్కలు · మంగళవారం రాత్రి 9.10

30 మి.మీ. లెన్సుకు ఒక్క డిగ్రీ టిల్ట్ అంటే కీలు లెన్సుకు 1.7 మీటర్ల దూరంలో ఉన్నట్టు. మీరు గోపురం నడుముకు ఫోకస్ చేసి ఉంటారు. అప్పుడు ఫోకస్ తలం నిలువుగా ఉండదు, బాగా వాలిపోయి గోపురాన్ని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. పాతిక మీటర్ల దూరంలో ఎఫ్/5.6కు పైనా కిందా 2.7 మీటర్ల చొప్పునే స్పష్టత. ఎఫ్/11లో కూడా అయిదు మీటర్లకు కాస్త ఎక్కువ. కలశాలు మసకబడడంలో వింతేముంది? పాదం దగ్గర ద్వారం చూడండి, అదీ పోయి ఉంటే టిల్టే కారణం. ద్వారం బాగుండి కలశాలే మసకైతే ఇంకో కారణం వెతకాలి.

మూలాపేట · మంగళవారం రాత్రి 9.30

ద్వారం కూడా మసకేనండీ. జనం కదలడం వల్ల అనుకున్నాం.

భూతద్దం · మంగళవారం రాత్రి 9.50

ఇంకేం, దొరికింది. సున్నా దగ్గర బిగించాక షిఫ్ట్ వెయ్యి. షిఫ్ట్ వేసిన తర్వాతే ఫోకస్ చెయ్యి, ముందు చేసింది లెక్కలోకి రాదు. ఆ లెన్సు ప్రతిబింబ వృత్తం (లెన్సు వేసే గుండ్రటి బొమ్మ) 85 మి.మీ., షిఫ్ట్ 15 మి.మీ. కాబట్టి మీ సెన్సర్‌కు మూలలు నల్లబడవు. కానీ షిఫ్ట్ వేసినప్పుడు కలశాలు ఆ వృత్తం అంచుకు చేరతాయి, అక్కడ ఫోకస్ కొద్దిగా తేడాగా ఉండవచ్చు. నడుము దగ్గర ఒకసారి, కలశాల దగ్గర ఒకసారి పెద్దది చేసి చూసి రెండింటి మధ్య ఆపండి. ఎఫ్/11 చాలు.

మూలాపేట · మంగళవారం రాత్రి 10.00

రేపు పొద్దున మళ్లీ వెళ్తాం. ఉప్పుగాలి అన్నా, మీ మట్టసం గొట్టం ఒక పూటకు ఇస్తారా?

ఉప్పుగాలి · మంగళవారం రాత్రి 10.05

ఇస్తాను. ఆ 30 మి.మీ. లెన్సు ఒక పూటకు నాకు ఇప్పిస్తేనే.